చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లు – అన్వేషణ పదాల ఎంపిక: కలంకారీ ఉదాహరణ

(ప్రత్యేక వ్యాసం)

చేతివృత్తుల వారు, చిన్న వ్యాపారులు తమ ఉత్పత్తులను దళారుల ప్రమేయం లేకుండా నేరుగా విక్రయించుకోవడానికి ఇంటర్నెట్ ఎంతగానో ఉపకరిస్తోంది. అయితే వెబ్‌సైట్‌ను ఏర్పాటు చేసుకున్నంత మాత్రాన కొనుగోలుదారులు దానిని చేరుకోలేరు. వస్తువు కోసం వెతికేవారు గూగుల్ వంటి సెర్చ్ ఇంజన్‌లో తమకు తోచిన మాటలను టైపు చేస్తారు. ఆ మాటలకు సరిపోయే సమాచారం వెబ్‌సైట్‌లో ఉన్నప్పుడే అది వారి కంటపడుతుంది. ఈ మాటలనే కీవర్డ్స్ లేదా అన్వేషణ పదాలు అని వ్యవహరిస్తున్నారు. వీటి ఎంపికకు పెద్దగా ఖర్చు అవసరం లేదు. కొనుగోలుదారు ఏ మాటతో వెతుకుతారో గ్రహించడమే ఇందులో కీలకం. ఆంధ్రప్రదేశ్‌కు ఖ్యాతి తెచ్చిన కలంకారీ వస్త్రాలను పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

ఒకే పేరు – మూడు రకాల వస్త్రాలు

కలంకారీ అనే మాట పారశీకం నుంచి వచ్చింది. కలంతో చేసే పని అని దీని అర్థం. రాష్ట్రంలో ఈ కళ రెండు సంప్రదాయాలుగా వర్ధిల్లుతోంది. తిరుపతి జిల్లా శ్రీకాళహస్తిలో కళాకారులు వెదురు కలంతో బొమ్మలను చేతితోనే చిత్రిస్తారు. కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో తడిపి ఆరబెట్టిన నూలు బట్టపై చింతబొగ్గుతో రేఖలు గీయడం, ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రావణంతో నలుపు దిద్దడం, పటికను, సహజ రంగులను వాడి పలుమార్లు ఉతకడం ఈ విధానంలోని ప్రధాన దశలు. కృష్ణా జిల్లా పెడన ప్రాంతంలో తయారయ్యే మచిలీపట్నం కలంకారీలో చెక్కిన కొయ్య అచ్చులతో అద్దకం వేస్తారు. ఈ రెండింటికీ భౌగోళిక గుర్తింపు లభించింది. శ్రీకాళహస్తి కలంకారీ 2005-06లో, మచిలీపట్నం కలంకారీ 2008-09లో నమోదయ్యాయి.

వీటికి తోడు మిల్లు బట్టపై యంత్రాలతో ముద్రించిన కలంకారీ నమూనాలు కూడా అదే పేరుతో మార్కెట్‌లో అమ్ముడవుతున్నాయి. "కలంకారీ చీర" అని వెతికితే ఈ మూడూ కలగలిసి కనిపిస్తాయి. రోజుల తరబడి చేతితో చిత్రించిన చీర పక్కనే యంత్రంపై అచ్చయిన చీర అతి తక్కువ ధరకు దర్శనమిస్తుంది. ఈ తేడా తెలియని కొనుగోలుదారు చౌకైన దానివైపే మొగ్గుచూపడం సహజం. అందువల్ల "కలంకారీ" అన్న ఒక్క మాటనే నమ్ముకున్న కళాకారుని వెబ్‌సైట్ పెద్ద ఆన్‌లైన్ విక్రయ సంస్థల జాబితాల వెనుక మరుగున పడిపోతుంది. ఈ కారణంగా అన్వేషణ పదాల ఎంపిక కళాకారుని జీవనోపాధితో ముడిపడిన అంశమైంది.

వృత్తివారి మాట – కొనుగోలుదారు మాట

శ్రీకాళహస్తి కళాకారులు తమ కళను వ్రాతపని అంటారు. మచిలీపట్నం ప్రాంతంలో అద్దకం అన్న మాట వాడుకలో ఉంది. ఢిల్లీలోనో, అమెరికాలోనో ఉన్న కొనుగోలుదారుకు ఈ మాటలు తెలియవు. వారు "హ్యాండ్ పెయింటెడ్ కలంకారీ", "పెన్ కలంకారీ", "నేచురల్ డై దుపట్టా" వంటి మాటలతో వెతుకుతారు. అందుచేత వెబ్‌సైట్‌లో కొనుగోలుదారుకు తెలిసిన మాటను ముందుంచి, వృత్తి పదాన్ని దాని వెంటే వివరించడం శ్రేయస్కరం. దీనివల్ల వస్తువు దొరకడంతో పాటు దాని విశిష్టత కూడా తెలుస్తుంది.

పదాల సేకరణ విధానం

అన్వేషణ పదాలను సేకరించేందుకు ఈ క్రింది మార్గాలు అనుసరణీయం.

1. హస్తకళా ప్రదర్శనలలో, ఫోన్‌లో కొనుగోలుదారులు అడిగే ప్రశ్నలను వారి మాటల్లోనే ఒక పుస్తకంలో రాసుకోవాలి. "రంగు వెలుస్తుందా?", "ఇది చేతితో వేసిందేనా?" వంటి ప్రశ్నలే మంచి అన్వేషణ పదాలకు మూలం.

2. సెర్చ్ పెట్టెలో ఒక మాట టైపు చేయగానే కనిపించే సూచనలను, ఫలితాల పేజీలోని సంబంధిత అన్వేషణలను గమనించాలి.

3. 2006లో ప్రారంభమైన గూగుల్ ట్రెండ్స్ ద్వారా రెండు మూడు పదాల ఆదరణను ప్రాంతాలవారీగా, కాలానుగుణంగా పోల్చుకోవచ్చు. 2013లో అందుబాటులోకి వచ్చిన కీవర్డ్ ప్లానర్ ప్రకటనదారుల కోసం ఉద్దేశించినదైనా, ఒక పదంతో నెలకు ఎందరు వెతుకుతున్నారో స్థూలంగా తెలుపుతుంది.

4. వెబ్‌సైట్ ప్రారంభమైన తరువాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌ను పరిశీలించాలి. ఏ పదాలతో వెతికినప్పుడు వెబ్‌సైట్ కనిపించిందో, ఎందరు దానిపై క్లిక్ చేశారో ఈ ఉచిత సాధనం వివరిస్తుంది.

5. ఎంపిక చేసుకున్న పదాన్ని స్వయంగా టైపు చేసి ఫలితాలను చూడాలి. అవి మ్యూజియంల పేజీలు, చరిత్ర వ్యాసాలు అయితే ఆ పదంతో వచ్చేవారిలో కొనుగోలుదారులు తక్కువని గ్రహించాలి.

వెతికేవారి ఉద్దేశం

"కలంకారీ అంటే ఏమిటి" అని వెతికేవారిలో విద్యార్థులు ఎక్కువగా ఉండవచ్చు. "కోరమాండల్ చింట్జ్" అని వెతికేవారికి వస్త్ర చరిత్రపై ఆసక్తి ఉంటుంది. "చేతితో చిత్రించిన శ్రీకాళహస్తి కలంకారీ పట్టుచీర ధర" అని వెతికే వ్యక్తి మాత్రం కొనడానికి సిద్ధంగా ఉన్నారని భావించవచ్చు. ఇటువంటి పొడవైన పదబంధాలతో వెతికేవారి సంఖ్య తక్కువే. అయితే నెలకు కొద్దిపాటి చీరలు మాత్రమే తయారు చేయగలిగిన కుటుంబానికి వేలాది సందర్శకుల కంటే సరైన కొనుగోలుదారులు కొందరు లభించడమే ప్రయోజనకరం. పోటీ కూడా ఇక్కడ తక్కువగా ఉంటుంది.

లిపి, వర్ణక్రమం

తెలుగు పేర్లను ఆంగ్ల లిపిలో ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు. శ్రీకాళహస్తి చివరి అక్షరంలో కొందరు "హెచ్" చేరుస్తారు, కొందరు వదిలేస్తారు. మరికొందరు "కాళహస్తి" అని మాత్రమే రాస్తారు. మచిలీపట్నం పాత రికార్డులలో మసులిపటంగా కనిపిస్తుంది. సెర్చ్ ఇంజన్లు ఇటువంటి తేడాలను చాలావరకు గుర్తించగలుగుతున్నప్పటికీ, ప్రధానమైన రూపాలను వాక్యాలలో సహజంగా ఒకటి రెండు చోట్ల వాడడం మంచిది.

తెలుగు పాఠ్యం యూనికోడ్‌లో ఉండడం తప్పనిసరి. 2000వ దశకంలో అనేక తెలుగు వెబ్‌సైట్లు సొంత ఫాంట్లను వాడినందున వాటిలోని పాఠ్యాన్ని సెర్చ్ ఇంజన్లు చదవలేకపోయాయి. అదే విధంగా ధరల పట్టికను, వివరాలను ఫొటో రూపంలో మాత్రమే ఉంచితే అన్వేషణలో అవి లెక్కకు రాకపోవచ్చు.

పదాలను పొందుపరచే విధానం

ఒక్కో రకం వస్తువుకు ఒక్కో పేజీని కేటాయించి, పేజీ శీర్షికలో, ఉపశీర్షికలో, వివరణలో, బొమ్మలకు ఇచ్చే వర్ణనలో సంబంధిత పదాలను వాడాలి. బట్ట రకం, కొలత, రంగులు, చిత్రించిన ఇతివృత్తం, ఉతికే విధానం రాసినప్పుడు అన్వేషణ పదాలు వాటంతట అవే చేరతాయి. పేజీ కోడ్‌లో కీవర్డ్స్ జాబితాను పొందుపరచే పాత పద్ధతిని తమ ఫలితాల క్రమం నిర్ణయించడంలో పరిగణించడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఒకే మాటను పదేపదే చొప్పించడం నిబంధనలకు విరుద్ధం. అటువంటి పేజీలను ఫలితాలలో వెనక్కి నెట్టే అవకాశముంది.

చట్టపరమైన జాగ్రత్తలు

భౌగోళిక గుర్తింపు పొందిన పేరు ఆ ప్రాంత ఉత్పత్తిదారులందరి ఉమ్మడి ఆస్తి. 2003 సెప్టెంబర్ 15 నుంచి అమలులోకి వచ్చిన 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం, వేరొకచోట తయారైన వస్తువును ఆ పేరుతో అమ్మి కొనుగోలుదారును తప్పుదోవ పట్టించడం ఉల్లంఘన అవుతుంది. అన్వేషణలో ముందుంటుందన్న ఆశతో యంత్ర ముద్రణ చీరకు "శ్రీకాళహస్తి కలంకారీ" అని శీర్షిక పెట్టడం సమర్థనీయం కాదు. నిజమైన కళాకారులు అధీకృత వినియోగదారులుగా నమోదై, ఆ విషయాన్ని వెబ్‌సైట్‌లో పేర్కొనడం వారి హక్కులకు రక్షణ.

ఇతర సంస్థల ట్రేడ్‌మార్కులను ప్రకటనల కీవర్డ్స్‌గా ఎంచుకునే విషయంలోనూ అప్రమత్తత అవసరం. అటువంటి వాడకం ట్రేడ్‌మార్కు చట్టం పరిధిలోకి వస్తుందని, అయితే కొనుగోలుదారులలో గందరగోళం కలిగించకపోతే దానిని మాత్రమే ఉల్లంఘనగా పరిగణించలేమని ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో స్పష్టం చేసింది.

అధికారులు, పాత్రికేయుల పాత్ర

శిక్షణ కార్యక్రమాలలో వెబ్‌సైట్ రూపకల్పనతో పాటు పదాల ఎంపికను కూడా ఒక అంశంగా చేర్చితే చేతివృత్తుల వారికి మేలు జరుగుతుంది. ప్రదర్శనల కరపత్రాలలో, శాఖల వెబ్‌సైట్లలో వస్తువు పూర్తి పేరును, తయారీ విధానాన్ని ఒకే తీరుగా పేర్కొనడం అవసరం. పత్రికలలో వచ్చే కథనాలు కూడా అన్వేషణ ఫలితాలలో కనిపిస్తాయి. చేతితో చిత్రించినదా, అచ్చుతో అద్దినదా, యంత్రంపై ముద్రించినదా అన్నది వార్తలో స్పష్టంగా రాస్తే పాఠకులు ఆ తరువాత వెతికేటప్పుడు సరైన మాటనే వాడతారు. ఆ మాటే వారిని కళాకారుని వద్దకు చేరుస్తుంది.