మీకు తెలుసా? ఆ రంగు కెమెరాది కాదు
పాతకాలం రంగుల ప్రకృతి దృశ్యాల ఫొటోల్లో చాలావాటికి రంగు అద్దింది కుంచె. 1860ల్లో జపాన్‌లోని యొకొహామాలో ఫొటోగ్రాఫర్ ఫెలిచే బియాటో స్టూడియో చిత్రకారులు నలుపు తెలుపు ఫొటోల మీద నీటిరంగులు పూసేవారు. మన దేశపు స్టూడియోల్లోనూ ఈ పని సాగింది.

సేకరించేవారు ముందు భూతద్దం పట్టాలి. వరుసగా సన్నటి చుక్కలు కనిపిస్తే అది అచ్చు రంగు. కొమ్మ అంచు దాటిన కుంచె గీత, ఆకుల మీద మందంగా నిలిచిన పచ్చ కనిపిస్తే చేతిపని. అలాంటిది దొరికితే వదలకండి!

ఊరిని పోల్చడానికి మాత్రం రంగును నమ్మొద్దు. కోనేటి నీలం చిత్రకారుడి ఊహే కావచ్చు. ఉదాహరణకు, ఫొటో శ్రీకూర్మం ఆలయానిది అంటున్నారా? తూర్పున ఒకటి, పడమర ఒకటి ఉండే ధ్వజస్తంభాలను, శ్వేతపుష్కరిణి అనే కోనేటిని వెతకండి. దొరికిన ఫొటోను ఎండ తగిలే గోడకు తగిలించకండి, రంగు వెలిసిపోతుంది.