మా బ్రౌనీ అలక

మా బ్రౌనీకి పెరుగన్నం పెడితే మూతి తిప్పుకునేది. "పాపం, పొద్దుట్నుంచి ఏమీ తినలేదురా" అంటూ నానమ్మ కోడికూర పులుసు కలిపేది. క్షణంలో గిన్నె ఖాళీ! మర్నాడు పులుసు లేకపోతే మళ్ళీ అలక. మన భాషలో చెప్పాలంటే, అది అలిగిన ప్రతిసారీ మేమే రివార్డ్ ఇస్తున్నామన్నమాట.

అంతవరకైతే నవ్వుకోవచ్చు. కానీ మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. అవి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా ఆ గుణం పోదు. ఈ సంగతి చదివిన రోజు నాకు చెమటలు పట్టాయి.

అప్పట్నుంచి పద్ధతి మార్చాం. రోజుకి రెండు పూటలు, ఒకే టైముకి తిండి. 20 నిమిషాలు చూసి, తినకపోతే గిన్నె తీసేస్తాం. నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. మధ్యలో బిస్కెట్లు బంద్. కుక్కలు తిండిని ముందు వాసనతోనే ఎంచుకుంటాయి కాబట్టి గోరువెచ్చగా పెడతాం. అన్నంలోకి ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్, ఎముకలు తీసేసి.

ఒక్క జాగ్రత్త. ఎప్పుడూ బాగా తినే కుక్క ఒక రోజంతా ముట్టకపోయినా, వాంతులూ నీరసం కనిపించినా దాన్ని అలక అనుకోకండి. డాక్టరుకి చూపించండి. పిల్లలైతే అంతసేపు కూడా ఆగొద్దు.

బ్రౌనీ మూడో రోజుకే దారికొచ్చింది. నానమ్మకి వారం పట్టింది. ఇప్పుడు కూరకి పోపు వేయకముందే దాని వాటా ముక్కలు ఆవిడే విడిగా తీసి ఉడికిస్తోంది.