సింహాసనం నుంచి చెవి వెనక్కి

1819 ప్రాంతంలో లండన్‌లోని ఫ్రెడరిక్ రైన్ దుకాణం పోర్చుగల్ రాజు ఆరో జాన్ కోసం ఒక సింహాసనం తయారుచేసింది. చేతులు ఆనించుకునే చోట చెక్కిన సింహాలు నోళ్లు తెరుచుకుని ఉండేవి. మనవి చేసుకునేవాళ్లు మోకరిల్లి ఆ నోట్లోకి మాట్లాడితే, మాట కుర్చీ లోపలి గుల్లలోంచి గొట్టం గుండా రాజు చెవికి చేరేది. రాజుకు చెవుడు. కానీ చూసేవాళ్లకు కనపడేది రాజసమే. వినాలి, వినడానికి సాయం కావాలన్న సంగతి మాత్రం బయటపడకూడదు. వినికిడి యంత్రం ఈ రెండు కోరికలతోనే పెరిగింది. దాన్ని ఎక్కువగా తరిమింది రెండోదేనని నాకనిపిస్తుంది.

మామూలు జనానికి చెవి బాకాలుండేవి. వెడల్పాటి మూతి శబ్దాన్ని పోగుచేస్తుంది, సన్నటి కొన చెవిలోకి పంపుతుంది. చెవుడొచ్చిన సంగీతకారుడు బీతోవెన్‌కు అలాంటివి చేసిచ్చినవాడు, సంగీతంలో లయను కొలిచే మెట్రోనోమ్‌తో పేరుపడ్డ మేల్జెల్. జుట్టులో, టోపీలో, విసనకర్రలో దాచుకునే బాకాలు కూడా వచ్చాయి. ఇంగ్లిష్ రచయిత్రి హ్యారియెట్ మార్టినో మాత్రం దాచలేదు. చిన్న వయసులోనే వినికిడి పోయిన ఆమె నలుగురిలో బాకా చేతపట్టుకునే కూర్చునేది. తోటి చెవిటివాళ్లకు 1834లో బహిరంగంగా ఒక ఉత్తరం కూడా రాసింది. ఈ కథలో ఏ ఇంజనీరుకూ తీసిపోని మనిషి ఆమె.

కరెంటు యుగం టెలిఫోన్‌తో మొదలైంది. దాన్ని కనిపెట్టిన గ్రాహంబెల్ చెవిటి పిల్లల ఉపాధ్యాయుడు. తల్లికీ భార్యకూ వినికిడి లేదు. టెలిఫోన్‌లోని కార్బన్ మైకు సూత్రంతోనే 1898లో అమెరికాలో మిల్లర్ హచిసన్ విద్యుత్ వినికిడి యంత్రం చేశాడు. బ్రిటన్ రాణి అలెగ్జాండ్రా దాన్ని వాడింది. తర్వాత వాక్యూమ్ ట్యూబుల యంత్రాలొచ్చాయి. శబ్దం పెరిగింది, బరువూ పెరిగింది. యంత్రం ఒక జేబులో, బ్యాటరీల కట్ట ఇంకో చోట, మధ్యన వైర్లు.

1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. గ్రాహంబెల్ జ్ఞాపకార్థం, వినికిడి యంత్రాలు చేసేవాళ్ల దగ్గర దానికి రాయల్టీ వద్దనుకున్నారు. 1952 చివర్లో సోనోటోన్ కంపెనీ యంత్రంలో రెండు చిన్న ట్యూబుల పక్కన ఒకే ఒక్క ట్రాన్సిస్టర్ చేరింది. మన ఊళ్లలో పొలం గట్ల మీద మోగిన ట్రాన్సిస్టర్ రేడియోలకు మూలమైన తొలి జేబు రేడియో రావడానికి ఇంకా రెండేళ్లుంది. మామూలు మనిషి కొనుక్కునే వస్తువుల్లో ట్రాన్సిస్టర్ ముందుగా చేరింది చెవి మిషన్‌లోనే. ఒకటి రెండేళ్లలో ట్యూబులు కనుమరుగయ్యాయి. యంత్రం కళ్లజోడు కాడలోకి, అక్కణ్ణుంచి చెవి వెనక్కి, చెవి లోపలికి వెళ్లిపోయింది.

అంత చిన్నదైనా అసలు చిక్కు తీరలేదు. శబ్దం పెంచితే చాలదు. ఎందుకో తెలియాలంటే చెవి లోపలికి వెళ్లాలి. అక్కడున్న నత్తగుల్ల ఆకారపు కాక్లియాలో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. శబ్దాన్ని నాడికి అందించేవి వాటిలో దాదాపు 3,500. మిగతావి సన్నటి శబ్దాలను పెంచిపెట్టేవి. చచ్చిపోయిన కణం మనుషుల్లో మళ్లీ మొలవదు. వయసుతో వచ్చే చెవుడులో ముందు దెబ్బతినేవి సన్నటి, పైస్థాయి ధ్వనులను పట్టుకునే కణాలు. తెలుగు మాటలో అచ్చులు బలంగా, కింది స్థాయిలో వినపడతాయి. ప, క, చ, త, స లాంటి హల్లులు బలహీనం. పాలు, కాలు, చాలు అన్న మూడు మాటల్లోనూ తాతయ్యకు అందేది ‘ఆలు’ ఒక్కటే. “వినపడుతోందిరా, ఏమంటున్నావో తెలియడం లేదు” అంటాడు. “నీకు కావాల్సినవి బాగానే వినపడతాయి” అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఆయన చెప్పేదే నిజం.

ఇంకో చిత్రం. గట్టిగా అరిస్తే “ఎందుకలా అరుస్తావ్!” అని ఆయనే కోప్పడతాడు. సన్నటి శబ్దాలను పెంచే కణాలు పోయాయి గానీ, పెద్ద శబ్దాలు పెద్దగానే చేరుతున్నాయి. పైగా అరిచినప్పుడు అచ్చులే పెరుగుతాయి, హల్లులు అంతగా పెరగవు. అన్నిటినీ ఒకేలా పెంచే పాత యంత్రాలు పెట్టెల్లో మూలపడటానికి ఇదొక కారణం. సన్నటి శబ్దాన్ని ఎక్కువ పెంచడం, పెద్దదాన్ని తక్కువ పెంచడం, పోయిన స్థాయికే సాయం చేయడం 1996 ప్రాంతంలో వచ్చిన డిజిటల్ యంత్రాలతో బాగా సాధ్యమైంది. అందుకే ఏ స్థాయి ధ్వని ఎంత వినపడుతోందో చూపే ఆడియోగ్రామ్ తీయించి, దాని ప్రకారం సరిచేయించుకోని యంత్రం ఎంత ఖరీదైనదైనా దండగే. ఈ పని చేసేది ఆడియాలజిస్టు. హైదరాబాదులో పుట్టిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరిట ముంబైలో ఉన్న జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఒక్క హెచ్చరిక. ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో వినపడకుండా పోతే అది మిషన్ల సంగతి కాదు. ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఆలస్యమైన కొద్దీ మందు పనిచేసే అవకాశం తగ్గుతుంది.

యంత్రం పెట్టుకున్న మొదటి రోజులు కష్టంగా ఉంటాయి. ఫ్యాను హోరు, గిన్నెల చప్పుడు, సొంత గొంతు, అన్నీ మీదపడతాయి. ఏళ్లుగా వాటిని వినని మెదడు ఏది వదిలేయాలో మళ్లీ నేర్చుకోవాలి. దానికి వారాలు పడుతుంది. రోజూ పెట్టుకుంటేనే అది జరుగుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్క మనిషితో మొదలుపెట్టాలి. తర్వాత టీవీ వార్తలు, ఆ తర్వాత ఇంటిల్లిపాది భోజనం. పెళ్లి పందిరి అన్నిటికన్నా చివర.

ఎదుటివాళ్లకూ పనుంది. వంటింట్లోంచి కేకేయకుండా దగ్గరికి రావాలి, వెలుతురు ముఖం మీద పడేలా ఎదురుగా కూర్చోవాలి, టీవీ ఆపాలి. అర్థం కానప్పుడు అదే మాట మూడోసారి అనకుండా మాట మార్చి చెప్పాలి. “ఏం లేదులే” అని తీసిపారేయడం అన్నిటికన్నా చెడ్డది. చెవుడున్న మనిషిని కూర్చున్న చోటే ఒంటరిని చేసే మాట అది.