మోకాలు వంచే బస్సు

సిటీలో కొత్త బస్సు ట్రయల్‌కు దిగిందంటే చాలు... బస్సుల పిచ్చి ఉన్నవాళ్లు కెమెరాలతో వాలిపోతారు. రంగు, ఏసీ, హారన్ అన్నీ చర్చకొస్తాయి. అదే లోఫ్లోర్ బస్సయితే మొదటి ప్రశ్న ఒక్కటే: ఫ్లోరు నేల నుంచి ఎంత ఎత్తు?

అసలైన లోఫ్లోర్‌కు ఆ లెక్క 400 మిల్లీమీటర్లు. సెమీ లోఫ్లోర్‌కు 650. కొన్నింటికి ఇంకో సుగుణమూ ఉంది. స్టాపులో సస్పెన్షన్‌లోని గాలి తగ్గించుకుని, ఏనుగు మోకాలు వంచినట్టు ఓ పక్కకు ఒరుగుతాయి!

బెంగళూరులో 2014లో బీవైడీ కంపెనీ లోఫ్లోర్ విద్యుత్ బస్సును మూడు నెలలు నడిపి చూశారు. తర్వాత అదే బీవైడీతో చేతులు కలిపిన ఒలెక్ట్రా మన పాలమూరులోని జడ్చర్లలోనే విద్యుత్ బస్సుల తయారీ పెట్టింది. 2019లో హైదరాబాద్‌లో 40 విద్యుత్ బస్సులు రోడ్డెక్కాయి.

మరి అచ్చంపేట, దేవరకొండ పల్లెల అవ్వ సంగతి? గుంతలు, ఎత్తయిన స్పీడ్‌బ్రేకర్లున్న దారిలో లోఫ్లోర్ బస్సు అడుగు తగులుతుంది. పైగా చక్రాల గూళ్లు లోపలికి పొడుచుకొచ్చి సీట్లూ తగ్గుతాయి. అందుకే పల్లెవెలుగుకు ఎత్తు మెట్లే దిక్కు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు టికెట్ భారం తప్పింది. మెట్టు భారం మాత్రం అలాగే ఉంది.

దానికి లోఫ్లోరే అక్కర్లేదు. కింద ఇంకో మడత మెట్టు, చేతికందే కడ్డీ ఉన్నా అవ్వకు సగం కష్టం తీరుతుంది. ఈసారి ట్రయల్‌కు మూటతో ఉన్న అవ్వను పిలవండి. ఆమె ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కిందా... బస్సు పాసైనట్టే!