మీకు తెలుసా? ‘హోటల్ కాలిఫోర్నియా’ లేని హిట్స్ ఆల్బమ్!

• హిట్ పాటలను ఏరి ఒకే రికార్డుగా తెచ్చే ‘గ్రేటెస్ట్ హిట్స్’ ఒరవడికి ఊపునిచ్చింది 1958లో వచ్చిన అమెరికన్ గాయకుడు జానీ మాథిస్ ఆల్బమ్.

• అమెరికన్ రాక్ బృందం ఈగల్స్ 1976 ఫిబ్రవరిలో పది పాటలతో తమ హిట్స్ సంకలనం తెచ్చింది. అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం అమ్మకాలను బట్టి ఇచ్చేందుకు ఆ ఏడాదే ప్రవేశపెట్టిన ప్లాటినం గుర్తింపు మొదట దక్కింది దీనికే.

• 2018లో 38 రెట్ల ప్లాటినంతో అమెరికాలో ఇది మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను దాటేసింది.

• మన దగ్గరా గిటార్ పట్టిన ప్రతివాళ్లూ వాయించాలనుకునే ఈగల్స్ పాట ‘హోటల్ కాలిఫోర్నియా’ మాత్రం ఇందులో వెతికినా దొరకదు. ఆ పాట ఉన్న ఆల్బమ్ 1976 డిసెంబరులో గానీ రాలేదు!

• రెగే గాయకుడు బాబ్ మార్లీ హిట్స్ సంకలనం ‘లెజెండ్’ ఆయన మరణించిన మూడేళ్లకు, 1984లో విడుదలైంది. రెగే సంగీతం కొత్తగా వినేవాళ్లు దీనితో మొదలుపెట్టొచ్చు.