బరాత్‌లో పాట తెగని కిటుకు

"పాట ఆగకుండానే ఇంకో పాట ఎట్ల అందుకుంటది సార్?" అని మా తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు. మొయినాబాద్, చేవెళ్ల ఫంక్షన్ హాళ్ల ముందు డీజే బండి వెంట ఎగిరిన ప్రతివాళ్లకూ రావలసిన ప్రశ్న ఇది. రెండో పాట ముందే మొదలై ఉంటుంది. డీజే హెడ్‌ఫోన్‌లో తప్ప ఎవరికీ వినిపించదు, అంతే.

ఈ విద్యకు ప్రాణం పోసింది తిరిగే పళ్లెం. పాత రికార్డు ప్లేయర్లలో చాలావాటికి మోటారు పక్కనుండి రబ్బరు బెల్టుతో పళ్లేన్ని తిప్పేది. చేత్తో ఆపి వదిలితే మళ్లీ వేగం అందుకునేసరికి తాళం దాటిపోయేది. మత్సుషితా కంపెనీ ఇంజనీరు షూయిచి ఒబాటా బెల్టునే తీసేసి, పళ్లేన్ని నేరుగా మోటారు ఇరుసు మీద కూర్చోబెట్టాడు. ఆ కంపెనీదే అయిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ప్లేయరు (1972) ఆ దారిలోదే. 1979లో దాని ఎంకే2 రకానికి వేగాన్ని 8 శాతం దాకా పెంచే, తగ్గించే జారుడు మీట వచ్చింది. పళ్లెం అంచున చుక్కల వరసలుంటాయి. లయగా మినుకుమనే ఎర్ర దీపం వెలుగులో పెద్ద చుక్కలు కదలకుండా నిలబడ్డాయంటే అసలు వేగం కుదిరినట్టు. ఎంత అందమైన ఏర్పాటు!

ఇక లెక్క. ఒక పాటకు నిమిషానికి 100 దెబ్బలు, రెండోదానికి 104. రెండూ ఒకేసారి మొదలైనా ఏడున్నర సెకన్లకే అర దెబ్బ ఎడం వచ్చి అడుగులు తడబడతాయి. మొదటిదాన్ని 4 శాతం పెంచితే జత కుదురుతుంది. అయితే రికార్డు వేగంతోపాటు శ్రుతీ పైకెక్కుతుంది. 6 శాతం పెంచితే దాదాపు ఒక స్వరస్థానం మారిపోయినట్టే. అందుకే వేగాలు దగ్గరగా ఉన్న పాటలు ఏరుకోవాలి. గొంతు మీద గొంతు పడకుండా, మొదట్లో వట్టి డప్పు మోగే పాట దొరికితే పండగే.

తీన్మార్ దగ్గర ఇదీ చాలదు. దానిది తిశ్ర నడక, క్లబ్బు పాటది చతురశ్రం. పెద్ద దెబ్బలు కలిసినా మధ్యవి ఒకదానికొకటి అడ్డం పడతాయి. చెయ్యి తిరిగిన డీజే రెండింటినీ ఎక్కువసేపు కలిపి నడపడు. పాటను వట్టి డప్పు మీదికి దించి, ఆవృత్తి మొదటి దెబ్బకు కొత్తది ఎత్తుకుంటాడు. నా దృష్టిలో అసలు పనితనం ఇక్కడే ఉంది.

తర్వాత సీడీలొచ్చాయి, లాప్‌టాప్‌లొచ్చాయి, శ్రుతి మారకుండా వేగం మార్చే సదుపాయమొచ్చింది, ఒక్క నొక్కుతో వేగాలు కలిపే సింక్ బటనొచ్చింది. కానీ మనుషులు వాయించిన పాత జానపద రికార్డింగుల్లో వేగం కాస్త అటూ ఇటూ ఊగుతుంది. అక్కడ సింక్ తప్పితే, చెవిని నమ్ముకుని మీటను చేత్తోనే సర్దాలి.