అంతర్జాలంలో బస్సుల వేళల పట్టిక

అంతర్జాలంలో బస్సుల వేళల పట్టిక అనగా, ఒక రవాణా సంస్థ నడిపే బస్సులు ఏ ఊరి నుండి ఏ వేళకు బయలుదేరి ఏ దారిన ఎక్కడికి చేరునో ప్రయాణీకులు వెబ్‌సైటులోనో, మొబైల్ ఫోనులోనో స్వయంగా వెతికి తెలుసుకొనుటకు వీలైన పట్టిక. దీనికి సాధారణంగా పటం కూడా జతచేయబడి ఉంటుంది. ప్రయాణీకుడు బయలుదేరే చోటు, చేరవలసిన చోటు, సమయం తెలిపితే, ఎక్కవలసిన బస్సును, మారవలసిన బస్టాండును ఇది చూపుతుంది. సీటు రిజర్వేషను వెబ్‌సైటు వేరు, వేళల పట్టిక వేరు. మొదటిది టికెట్టు అమ్ముటకు ఏర్పడినది, రెండవది దారి చెప్పుటకు ఏర్పడినది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పల్లె ప్రయాణీకులకు ఈ భేదం చాలా ముఖ్యమైనది.

చరిత్ర

ముద్రిత రవాణా పట్టికలలో బాగా పేరు పొందినది, ఇంగ్లాండులో జార్జి బ్రాడ్‌షా 1839లో ప్రచురించిన రైళ్ళ పట్టిక. వేర్వేరు కంపెనీల రైళ్ళ వేళలను ఒకే పుస్తకంలో చేర్చుట దీని విశేషం.

తెలుగు ప్రాంతంలో ప్రభుత్వ బస్సు రవాణా 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 27 బస్సులతో మొదలైంది. 1958 జనవరి 11న ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ (ఆర్టీసీ) ఏర్పడింది. బస్టాండులో పెయింటుతో వ్రాసిన బోర్డు, విచారణ కౌంటరు, మైకులో ప్రకటన, ఈ మూడే చాలాకాలం ప్రయాణీకునికి ఆధారం.

అంతర్జాల పట్టికలకు నేడు వాడుకలో ఉన్న రూపం అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో పుట్టింది. కారులో వెళ్ళుటకు దారి అంతర్జాలంలో సులభంగా దొరుకుతుండగా, బస్సులో వెళ్ళుటకు దొరకకపోవుటను అక్కడి ట్రైమెట్ రవాణా సంస్థ ఉద్యోగిని బిబియానా మెక్‌హ్యూ గమనించారు. ఆమె చొరవతో ట్రైమెట్ తన వేళల సమాచారాన్ని గూగుల్ సంస్థకు అందించగా, 2005 డిసెంబరులో గూగుల్ ట్రాన్సిట్ మొదలైంది. ఆ సమాచారాన్ని అమర్చిన పద్ధతికి జీటీఎఫ్‌ఎస్ అని పేరు వచ్చింది. ఇందులోని 'జీ' అక్షరం మొదట గూగుల్‌ను సూచించేది. ఇతరులు కూడా ఈ పద్ధతిని వాడసాగడంతో తరువాత దానిని 'సార్వత్రిక' అనే అర్థమిచ్చే 'జనరల్'గా మార్చారు.

భారతదేశంలో 2018లో కొచ్చి మెట్రో తన వేళల సమాచారాన్ని ఈ రూపంలో అందరికీ అందుబాటులో ఉంచింది. అదే సంవత్సరం ఢిల్లీ ప్రభుత్వం నగర బస్సుల సమాచారానికి ఒక బహిరంగ వేదికను ఏర్పాటు చేసింది. 2023లో తెలంగాణ ఆర్టీసీ బస్సుల జాడ తెలుసుకొనుటకు 'గమ్యం' అనే యాప్‌ను ప్రారంభించింది. ఆంధ్ర ప్రదేశ్ ఆర్టీసీకి కూడా 'లైవ్ ట్రాక్' అనే యాప్ ఉన్నది.

సమాచార నిర్మాణం

జీటీఎఫ్‌ఎస్ అనేది కొన్ని సాధారణ పట్టికల కట్ట. అందులో ముఖ్యమైనవి:

- సంస్థ పట్టిక: బస్సులు నడిపే సంస్థ పేరు, వెబ్‌సైటు.
- ఆగే చోట్ల పట్టిక: ప్రతి స్టాపు పేరు, దాని అక్షాంశ రేఖాంశాలు.
- మార్గాల పట్టిక: ఉదాహరణకు, గుంటూరు నుండి ఫిరంగిపురం మీదుగా నరసరావుపేట.
- ట్రిప్పుల పట్టిక: ఒక మార్గంలో ఒక బస్సు ఒకసారి చేసే ప్రయాణం. ఉదయం బస్సు ఒక ట్రిప్పు, మధ్యాహ్నం బస్సు మరొక ట్రిప్పు.
- వేళల పట్టిక: ప్రతి ట్రిప్పు ఒక్కొక్క స్టాపుకు వచ్చే వేళ, కదిలే వేళ.
- క్యాలెండరు: ఆ ట్రిప్పు ఏయే రోజులలో నడుస్తుంది, ఏ తేదీలలో అదనంగా నడుస్తుంది, ఏ తేదీలలో రద్దవుతుంది.

అర్ధరాత్రి దాటి నడిచే బస్సులకు ఇందులో ఒక ఏర్పాటు ఉన్నది. రాత్రి 11 గంటలకు హైదరాబాదులో బయలుదేరి తెల్లవారుజామున 4 గంటలకు ఒక ఊరు చేరే బస్సుకు, ఆ చేరే వేళను 28:00 అని వ్రాస్తారు. దీనివలన ఆ ట్రిప్పు బయలుదేరిన రోజు లెక్కలోనే ఉంటుంది.

ఊళ్ళ పేర్లను వేరే భాషలో చూపుటకు అనువాదాల పట్టిక కూడా ఉన్నది. కాబట్టి ఒకే సమాచారాన్ని తెలుగులోను, ఇంగ్లీషులోను చూపవచ్చు.

దారి వెతికే విధానం

పర్చూరు నుండి సత్తెనపల్లి వెళ్ళవలసిన ఒక ప్రయాణీకుని ఉదాహరణగా తీసుకొనవచ్చును. ఇక్కడ ఇచ్చిన వేళలు వివరణ కోసం ఊహించినవి. పర్చూరులో 6:10కి ఎక్కితే చిలకలూరిపేటకు 7:00కు చేరవచ్చు. అక్కడ నరసరావుపేటకు 7:05కు ఒక బస్సు, 7:30కి మరొక బస్సు ఉన్నాయి. బస్సు మారుటకు కనీసం 10 నిమిషాలు కావాలని నియమం పెట్టుకుంటే, 7:05 బస్సును వదలి 7:30 బస్సును లెక్కలోకి తీసుకోవాలి. అది నరసరావుపేటకు 8:10కి చేరుతుంది. అక్కడ 8:30కి బయలుదేరే బస్సు ఎక్కితే 9:20కి సత్తెనపల్లి చేరవచ్చు.

కంప్యూటరు చేసేది కూడా ఇదే. అన్ని బస్సుల బయలుదేరే వేళలను వరుసగా పరిశీలిస్తూ, ఒక్కొక్క ఊరికి ఎంత తొందరగా చేరవచ్చునో గుర్తించుకుంటూ పోతుంది. బోర్డుల మీద ఆధారపడే ప్రయాణీకుడు మాత్రం మూడు బస్టాండులలో మూడు బోర్డులు చదవాలి. రెండవ బోర్డు చదవాలంటే ముందు మొదటి ప్రయాణం పూర్తి కావాలి. చివరి బస్సు వెళ్ళిపోయినట్లు అక్కడికి చేరిన తరువాత గాని తెలియదు.

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో

ఈ ప్రాంతంలో గుంటూరు, తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, మాచర్ల, వినుకొండ, ఒంగోలు, అద్దంకి, పొదిలి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు మొదలైన చోట్ల ఆర్టీసీ డిపోలు ఉన్నాయి. దూర ప్రయాణపు బస్సులకు అంతర్జాలంలో ముందుగా సీటు రిజర్వు చేసుకొనవచ్చును కనుక, వాటి వేళలు కూడా అక్కడే కనబడతాయి. పల్లెవెలుగు బస్సులకు రిజర్వేషను లేదు. బస్సు ఎక్కిన తరువాత కండక్టరు వద్ద టికెట్టు తీసుకోవాలి. అందువలన రిజర్వేషను పేజీలో వెతికినవారికి హైదరాబాదు బస్సు దొరుకుతుంది గాని ప్రక్క మండలానికి వెళ్ళే బస్సు దొరకదు.

రోజుకు రెండు మూడు బస్సులు మాత్రమే వచ్చే ఊళ్ళలో వేళ తెలియుట మరింత అవసరం. అయిదు నిమిషాలకొక బస్సు నడిచే నగర మార్గంలో పట్టిక లేకున్నా గడుస్తుంది. పల్లెలో ఒక బస్సు తప్పితే పూటంతా పోతుంది, లేదా షేర్ ఆటో ఎక్కవలసి వస్తుంది. బస్సు పాసు ఉన్న విద్యార్థికి అది అదనపు ఖర్చు. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన 'స్త్రీ శక్తి' పథకం క్రింద రాష్ట్ర మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలైన బస్సులలో ఉచితంగా ప్రయాణించవచ్చు. బస్సు ఎప్పుడు వస్తుందో తెలియనివారు ఆ ప్రయోజనాన్ని పూర్తిగా పొందలేరు.

ఈ ప్రాంతపు ప్రయాణాలు పంటలను అనుసరించి మారుతుంటాయి. ప్రత్తి తీతలు, మిరప కోతల కాలంలో కూలీల రాకపోకలు పెరుగుతాయి. వేసవి ఆరంభంలో గుంటూరు మిర్చి యార్డుకు రైతుల రాక ఎక్కువగా ఉంటుంది. మహాశివరాత్రి నాటి కోటప్పకొండ తిరునాళ్ళకు నరసరావుపేట, చిలకలూరిపేటల నుండి ప్రత్యేక బస్సులు నడుస్తాయి. బడి సెలవులలో విద్యార్థుల బస్సుల అవసరం తగ్గుతుంది. బస్టాండు గోడ మీది బోర్డులో ఇటువంటి మార్పులను ఎప్పటికప్పుడు చూపుట కష్టం. జీటీఎఫ్‌ఎస్ క్యాలెండరులో తేదీ వారీగా చూపవచ్చును.

ఇబ్బందులు

స్టేజీలు, స్టాపులు: బస్సు ఛార్జీని స్టేజీల వారీగా లెక్కిస్తారు. అయితే బస్సు స్టేజీల వద్దనే గాక అడ్డరోడ్డు వద్ద, చెరువు కట్ట వద్ద, రావిచెట్టు క్రింద కూడా ఆగుతుంది. వీటిలో చాలా చోట్ల స్తంభం గాని షెల్టరు గాని ఉండదు. పటంలో చూపాలంటే ఎవరైనా ఆ దారిలో ప్రయాణించి ప్రతి చోటునూ గుర్తించాలి.

మధ్య వేళలు: డిపో పట్టికలో ముఖ్యమైన ఊళ్ళ వేళలు మాత్రమే ఉన్నప్పుడు, మధ్య ఊళ్ళ వేళలను దూరాన్ని బట్టి అంచనా వేయవలసి ఉంటుంది. ఏ వేళ కచ్చితమైనదో, ఏది అంచనాయో తెలుపుటకు జీటీఎఫ్‌ఎస్‌లో ఏర్పాటు ఉన్నది.

పేర్లు: రామాపురం, కొత్తపాలెం వంటి పేర్లు గల ఊళ్ళు అనేకం. ఒకే ఊరిని సత్తెనపల్లి అని, సత్తెనపల్లె అని వ్రాస్తారు. నరసరావుపేటను, చిలకలూరిపేటను కూడా చుట్టుప్రక్కలవారు 'పేట' అనే పిలుస్తారు. మండలం పేరు చూపుట, వాడుక పేర్లతో కూడా వెతకనిచ్చుట దీనికి పరిష్కారం.

తాజాదనం: వేళ మారినా పట్టిక మారకపోతే, అది పట్టిక లేకపోవుట కంటె ఎక్కువ నష్టం కలిగిస్తుంది. దానిని నమ్మి వచ్చిన ప్రయాణీకుడు బస్సు తప్పిపోతాడు. అందువలన డిపోలో షెడ్యూలు మార్చేవారే అంతర్జాల పట్టికను కూడా మార్చే పద్ధతి ఉండాలి. పట్టిక ఏ తేదీ వరకు చెల్లునో పేజీలో కనబడాలి.

ప్రత్యక్ష సమాచారం

పట్టిక బస్సు రావలసిన వేళను చెబుతుంది. నిజంగా ఎక్కడ ఉన్నదో చెప్పుటకు బస్సులో జీపీఎస్ పరికరం కావాలి. భారతదేశంలో కొత్త ప్రజా రవాణా వాహనాలకు 2019 నుండి ఏఐఎస్-140 ప్రమాణం గల పరికరాలు తప్పనిసరి చేయబడినవి. బస్సు ఉన్న చోటు, ఆలస్యం, రద్దు వంటి విషయాలను పంపుటకు జీటీఎఫ్‌ఎస్‌కు అనుబంధంగా 2011లో మరొక పద్ధతి వచ్చింది. అయితే ఇది పట్టికకు ప్రత్యామ్నాయం కాదు. ఇంకా డిపో నుండి బయలుదేరని బస్సును పటంలో చూడలేము. రేపటి ప్రయాణం నిర్ణయించుకొనేవారికి పట్టికే ఆధారం.

ఫోను లేనివారికి ఉపయోగం

అంతర్జాల పట్టిక స్మార్ట్‌ఫోను ఉన్నవారికే పరిమితం కానక్కర లేదు. సమాచారం ఒకసారి సరైన రూపంలో సిద్ధమైతే, దాని నుండే ప్రతి ఊరికి ఒక పేజీ పట్టికను పెద్ద అక్షరాలతో ముద్రించి పంచాయతీ కార్యాలయం వద్ద, పాఠశాల వద్ద, టీ కొట్టు వద్ద అంటించవచ్చును. విచారణ కౌంటరులోని ఉద్యోగి కూడా దానినే చూసి, ఇతర డిపోల బస్సుల వేళలను సైతం చెప్పగలడు. రవాణా సంస్థ ఈ సమాచారాన్ని బహిరంగంగా ఉంచితే, కళాశాల విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు తమ ఊరి స్టాపులను సరిచూసి తప్పులు తెలియజేయుటకు కూడా అవకాశం కలుగుతుంది.

ఇవి కూడా చూడండి

- ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ
- పల్లెవెలుగు బస్సు
- జీపీఎస్
- గుంటూరు మిర్చి యార్డు
- కోటప్పకొండ